ఫ్యాను కింద ఆరో నంబరు

నర్సింగు కోర్సు ఇంటర్వ్యూకు ఎట్లా తయారు కావాలో అడగడానికి ఈమధ్య పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. నేను ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. వయసు యాభై మూడే గానీ, మోకాళ్ళు నాకంటే ముందే రిటైరైపోయాయి. అందువల్ల నా దగ్గర తీరిక బోలెడు, సలహాలు తీరికకు రెండింతలు. వచ్చిన పిల్లలకు టీ ఇచ్చి, నేను ఇంటర్వ్యూలకు తయారు చేసిన వాళ్ళ గురించి మొదలుపెడతాను. వందల మంది అన్నట్టే మొదలవుతుంది. వంటింట్లోంచి మా ఆవిడ దగ్గుతుంది. అప్పుడు నిజం చెబుతాను. ఒక్కరే. ఆ ఒక్క పిల్ల ఇంటర్వ్యూలోనూ చివరికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది నేను.

ఆళ్ళగడ్డలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేశాను. స్టాఫ్ నన్ను బ్రదర్ అనేవాళ్ళు, పేషెంట్లు డాక్టరు సారూ అనేవాళ్ళు. నేను రెండోదానికే చప్పున పలికేవాణ్ణి. నా చేతి సూది పడని భుజం అహోబిలం నుంచి చాగలమర్రి దాకా లేదని చెప్పుకునేవాణ్ణి. ఆస్పత్రిలో ఉన్నవి పన్నెండు మంచాలు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే యాభై అనేవాణ్ణి. వెనకవైపు శిల్పుల షెడ్లు. పొద్దున మొదలైన ఉలి చప్పుడు మాపటి దాకా ఆగదు. కొత్త పేషెంట్లు రెండు రోజులు తిట్టుకుంటారు, మూడో రోజు ఆ చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. ఇవన్నీ ఒక ఎత్తు, నేను పదే పదే చెప్పుకునే గొప్ప ఇంకో ఎత్తు: "నా సర్వీసులో ఒక్క తప్పు లేదు." పెంచి చెప్పిన వాటిల్లో నాకు ఎక్కువ ఖరీదు పడింది అదే.

మా వార్డు ఆయాకు ఒక కూతురు. ఆయా నన్ను అన్నా అనేది కాబట్టి ఆ పిల్లకు నేను మామనయ్యాను. ఇంటర్ పాసై ఏడాదిగా ఇంట్లో ఉంది. నంద్యాలలో ఒక నర్సింగు స్కూలుకు దరఖాస్తు పెట్టింది. మూడేళ్ళ కోర్సు, హాస్టలు, తిండి అన్నీ వాళ్ళవే. మార్కులు చూస్తారు గానీ, ఎవరిని తీసుకోవాలో తేల్చేది ఇంటర్వ్యూలోనే.

ఒకరోజు ఆయా బెడ్‌ప్యాన్ చేతిలో పట్టుకునే నా ముందు నిలబడింది.

"అన్నా, ఈ యేడు గూడా సీటు రాకుంటే దాన్ని నంద్యాల్లో పత్తి విత్తనాల గోడౌనుకు పంపిస్తా. ఇంగ ఇంట్లో కూచోబెట్టి సాకలేను. ఆ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో నాకేం తెల్సు? నువ్వే దావ చూపించాల."

"అంతే కద? మేట్రన్‌ని చేసి నీ చేతిలో పెడతా పో," అన్నాను.

"మేట్రన్ వద్దు, సీటు చాలు," అంది ఆయా, బెడ్‌ప్యాన్ తీసుకుని పోతూ.

అట్లా ఆ పిల్ల రోజూ పొద్దున పదికి వార్డుకు రావడం మొదలుపెట్టింది. ఆమె చేసే పని కూజాల్లో నీళ్ళు నింపడం, దుప్పట్లు సర్దడం, మిగతా సమయమంతా మంచాల అంచున కూచుని అవ్వలతో ముచ్చట్లు. "అవ్వా, నీ మనవరాలు కాన్పయిందా? మగపిల్లోడా?" ఇట్లాంటివి. అది నా కంటికి కాలక్షేపంగా కనిపించింది. "ముచ్చట్లకు మార్కులు వెయ్యరే, నాడి ఎట్ల చూడాలో నేర్చుకో," అని కసిరేవాణ్ణి.

దరఖాస్తుతో పాటు ఏదైనా ఆస్పత్రి అనుభవం ఉంటే సర్టిఫికెట్ జత చేయవచ్చని ఫారంలో ఉంది. ఇట్లాంటి ఖాళీ గడి కనబడితే నా చెయ్యి ఆగదు. ఆ పిల్ల వచ్చి రెండు వారాలు. నేను ఆరు నెలలు అని రాశాను. "రోగుల సేవలో అహోరాత్రులు పాల్గొని, ఇంజెక్షన్లు, సెలైన్లు, డ్రెస్సింగులలో నైపుణ్యం సాధించినది" అని నా ముత్యాల్లాంటి చేతిరాతతో ముగించాను.

మా ల్యాబ్ టెక్నీషియన్ అది చదివి కళ్ళజోడు తీశాడు. "బ్రదర్, ఆ పిల్ల ఎప్పుడన్నా సూది పట్టుకునిందా?"

"పట్టుకునింది. ట్రేలో పెట్టి మోసింది కద."

"ఇది యాడికి పోయి తగుల్తాదో చూసుకో."

సంతకం కష్టం కాలేదు. మా పెద్ద డాక్టరుకు ఓపీ అయ్యాక టీ తాగుతూ కేస్ షీట్ల మీద సంతకాలు పెట్టే అలవాటు. చూపు గ్లాసు మీద, చెయ్యి కాగితం మీద. షీట్ల మధ్యలో నా కాగితం దూర్చాను. సంతకం, దాని పక్కన ముద్ర కూడా పడ్డాయి.

ఇక ఇంటర్వ్యూ సాధన. ఆస్పత్రి మొత్తానికి ఏసీ ఉన్న గది ఎక్స్‌రే గది ఒక్కటే కాబట్టి మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కడ బోర్డు సమావేశమయ్యేది. నేను ప్రిన్సిపాల్. ల్యాబ్ టెక్నీషియన్ డాక్టరు. ఆయా తలుపు దగ్గర కాపలా.

"నర్సు యెందుకు కావాలనుకుంటాండావమ్మా?" నేను గొంతు బొంగురు చేసి అడిగాను.

"మాయమ్మ బెడ్‌ప్యాన్లు మోసీ మోసీ నడుం వంగిపోయింది సార్. నేను సంపాయిస్తే ఆమెను కూచోబెట్టొచ్చని."

"తప్పు! బోర్డు ముందర బెడ్‌ప్యాన్ మాట యెత్తుతారా యెవరైనా?" అని, నేను రాసిచ్చిన రెండు పేజీల జవాబు బట్టీ పట్టించాను. 'మానవ సేవయే నా ఊపిరి' అని మొదలై ఊపిరి తిప్పుకోనివ్వకుండా సాగేది. ఆ పిల్ల అప్పజెప్పింది. ముఖంలో మాత్రం అది తనది కాదని స్పష్టంగా రాసి ఉంది. అబద్ధం ఆడితే ఆ పిల్ల చెవులు ఎర్రబడతాయి. అంతమంది మనుషుల్ని చూశాను గానీ అట్లాంటి చెవులు నేను చూడలేదు.

ఇంటర్వ్యూ ఇంకా పది రోజులుందనగా ఆ మధ్యాహ్నం వచ్చింది.

మా వార్డు గురించి ఒక సంగతి చెప్పాలి. ఆరో నంబరు మంచం మీది ఫ్యాను తిరుగుతుంది. ఏడో నంబరు మంచం మీది ఫ్యాను ఉంటుంది, అంతే. ఆళ్ళగడ్డ ఎండల్లో ఈ తేడా చిన్నది కాదు. ఆరో నంబరులో చేరిన అవ్వకు షుగరు, షుగరవ్వ అనుకుందాం. ఏడో నంబరు అవ్వకు కాల్లో తుమ్మముల్లు దిగి చీము పట్టింది, ముల్లవ్వ అనుకుందాం. ఇద్దరిదీ ఒకే తెల్లజుట్టు, ఒకే ఎత్తు, ఒకే రకం దగ్గు. రెండు రోజుల్లో వాళ్ళిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పొద్దుటి పూట ఫ్యాను షుగరవ్వది, పదకొండు దాటితే ముల్లవ్వది. మా వార్డులో పేషెంట్లు ఫ్యాను కోసం మంచాలు మారడం ఎప్పటినుంచో ఉన్నదే. మేం మాత్రం మంచం నంబరుతోనే మాట్లాడుకునేవాళ్ళం. "ఆరుకు ఇన్సులిన్, తొమ్మిదికి సెలైన్, పదకొండును ఇంటికి పంపు." మనుషులు తిరిగేవాళ్ళు, నంబర్లు కదిలేవి కావు.

అన్నం వేళకు ముందు ఇన్సులిన్ తీసుకుని ఆరో నంబరు దగ్గరికి వెళ్ళాను. అవ్వ వెలుతురు పడకుండా కొంగు ముఖం మీద కప్పుకుని పండుకుంది. లేపడం ఎందుకని భుజం మీద గుడ్డతో తుడిచి, తెలియకుండా సూది వేశాను. తెలియకుండా వేయడమే నా గొప్ప. కేస్ షీట్లో టైము రాసి సంతకం పెట్టాను.

నీళ్ళ కూజాతో వస్తున్న పిల్ల ఆగిపోయింది.

"మామా, ముల్లవ్వకు సూది యాల?"

"ముల్లవ్వ యాడుంది? ఇది ఆరు కద."

"ముల్లవ్వే మామా. పదకొండు గంటలకే మంచాలు మారినారు. షుగరవ్వ ఆడ, గోడ పక్కకు తిరిగి పండుకుంది చూడు."

కొంగు తీశాను. ముల్లవ్వే. బోసినోటితో నవ్వింది.

పిల్లలారా, షుగరు లేని మనిషికి ఇన్సులిన్ పడితే ఏమవుతుందో మీరు పుస్తకంలో చదువుకుంటారు. నేను దాన్ని ఆ మంచం పక్క స్టూలు మీద కూచుని చదువుకున్నాను. పెద్ద డాక్టరు ఇల్లు మేడ మీదే. మెట్లు పదిహేను. ఆ పదిహేను మెట్లెక్కి ఒక్క మాట చెబితే సరిపోయేది. 'ఒక్క తప్పు లేదు' అన్న మాట నా కాళ్ళకు అడ్డం పడింది. చక్కెర నీళ్ళు తాగించాను. అరటిపండ్లు, బిస్కెట్లు, ఆయా క్యారియర్‌లోని అన్నం. పావుగంటకోసారి వేలు పొడిచి షుగరు చూడటం. ఒకసారి అంకె బాగా దిగింది. అవ్వ నుదుటి మీద చెమట పట్టింది. నా వీపు మీద అంతకంటే ఎక్కువ పట్టింది. మళ్ళీ చక్కెర నీళ్ళు. వెనక ఉలి చప్పుడు ఒక్కో దెబ్బా నా మెడ మీద పడుతున్నట్టుంది. నాలుగు గంటలకు అంకె నిలబడింది.

ముల్లవ్వ వార్డంతా వినపడేలా దీవించింది. "ఈ నాయన సల్లగుండాల! కడుపున పుట్టినోడు గూడా ఇట్ల కూచోని తినిపించడు."

తలెత్తలేకపోయాను. ఆ పిల్ల కూజా పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"యెవురికీ చెప్పొద్దు," అన్నాను.

"పెద్ద డాక్టరుకు గూడానా?"

"గమ్మునుండు. అవ్వకు ఏమీ కాలే కద."

మరునాడు పెద్ద డాక్టరు రౌండ్సులో ఆరో నంబరు షీటు చూసి, షుగరు తగ్గలేదని డోసు పెంచారు. నేను పక్కన నిలబడి కొత్త డోసు రాసుకున్నాను. మూడు రోజుల్లో అవ్వలిద్దరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. గండం గడిచిందనుకున్నాను.

ఆ వారంలోనే ఎక్స్‌రే గదిలో మళ్ళీ బోర్డు కూచుంది. ల్యాబ్ టెక్నీషియన్‌కు ఏమీ తెలియదు. కాళ్ళు ఊపుకుంటూ అడిగాడు. "ఆస్పత్రిలో ఎప్పుడన్నా తప్పు జరిగింది చూసినావా అమ్మాయ్? చూస్తే ఏం చేసినావు?"

పిల్ల నా వైపు చూసింది.

"లేదు సార్, చూడలేదు అని చెప్పు," అని నేనే అందించాను.

"చూసినా కద మామా."

"ఏందది?" అన్నాడు టెక్నీషియన్, కాళ్ళు ఊపడం ఆపి.

"నా చేతిరాతలో ఒక ఒత్తు పోయింటే చూసింది. ఇంగ తర్వాత ప్రశ్న!" అని బోర్డును చెదరగొట్టాను.

బయటికొచ్చాక ఆ పిల్ల మెల్లగా అడిగింది. "వాళ్ళు నిజంగా అదే అడిగితే?"

"అడగరు."

"అడిగితే మామా? నా చెవులు నీకు తెల్సు కద."

ఇరవై రెండేళ్ళలో నా దగ్గర జవాబు లేని మొదటి ప్రశ్న అది. ఇందులో పెంచిందేమీ లేదు.

ఇంటర్వ్యూ రోజు నంద్యాల బస్సులో ఆయా కిటికీ పక్కన, మధ్యలో పిల్ల, ఈ చివర నేను. పిల్ల ఒళ్ళో ఫైలు, ఫైల్లో నా సర్టిఫికెట్. సిరివెళ్ళ దాటాక ఆయా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేనూ చేసుకున్నాను. ఆమె సీటు రావాలని, నేను ఆ ప్రశ్న రాకూడదని.

స్కూలు వరండాలో బల్లల మీద పదిమంది దాకా ఆడపిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. లోపల ముగ్గురు: ప్రిన్సిపాల్, ఒక డాక్టరు, రిటైరైన ఒక మేట్రన్. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఒక పిల్ల ఏడుస్తూ వచ్చింది, ఒక పిల్ల నవ్వుతూ వచ్చింది. మా పిల్ల లోపలికి పోయింది.

పది నిమిషాలయ్యింది. ఇరవై. ఆయా కొంగు అంచు మెలితిప్పుతోంది.

"ఏందన్నా ఇంతసేపు? మంచిదేనా?"

"శానా మంచిది. నచ్చితేనే ఎక్కువసేపు పెట్టుకుంటారు," అన్నాను.

ముప్పై అయిదో నిమిషంలో తలుపు తెరుచుకుంది. పిల్ల చెవులు మామూలుగానే ఉన్నాయి. అంటే లోపల నిజమే చెప్పి వచ్చింది.

"మామా, నిన్ను రమ్మంటాండారు."

"నన్నా? యాల?"

"సర్టిఫికెట్ యెవరు రాసినారంటే నువ్వని చెప్పినా. తప్పు చూసినావా అని గూడా అడిగినారు."

"ఏం చెప్పినావే?" ఆయా లేచి నిలబడింది.

"జరిగింది చెప్పినానమ్మా." పిల్ల నా వైపు తిరిగింది. "సూది యెవరు వేసినారని మూడుసార్లు అడిగినారు మామా. నీ పేరు చెప్పలే."

ఆ తలుపుకూ నాకూ మధ్య ఆరడుగులు. నేను ఆరు మైళ్ళు నడిచాను.

మేట్రన్‌కు డెబ్బై ఏళ్ళుంటాయి. నా సర్టిఫికెట్ ఆమె వేళ్ళ కింద ఉంది.

"ఈ రాత నీదేనా నాయనా?"

"నాదే మేడం."

"చక్కగుండాది. ఆరు నెలలు, ఇంజెక్షన్లు, సెలైన్లు అని రాసినావు. ఆ పిల్లేమో నెల కూడా కాలేదు, నీళ్ళు పోస్తా అంతే అంటాండాది. మరి ఇదేందమ్మా అంటే, మా మామ యేదైనా రవ్వంత పెంచి చెప్తాడు మేడం అనింది."

డాక్టరు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. మేట్రన్ నవ్వలేదు.

"ఒక అవ్వకు పొరపాటున ఇన్సులిన్ పడిందని చెప్పింది. యెవరు వేసినారంటే నోరు తెరవదు. నీ కాగితం నిజమైతే ట్రైనింగు లేకుండా సూది పట్టుకుని, తప్పు చేసి, ఇంకెవరో చేసినట్టు చెప్తాండేది ఈ పిల్లే అవుతాది. అట్లాంటి పిల్లను మేం తీసుకోం. కాగితం అబద్ధమైతే, ఆ సూది యెవరిదో నువ్వు చెప్పాల."

నాకు మూడు అబద్ధాలు తయారుగా తట్టాయి. మూడూ బాగున్నాయి. అవ్వ కలగందనవచ్చు. పాత ఉద్యోగి ఒకడు ఉండేవాడు, వాడి మీద పెట్టవచ్చు. పిల్ల కంగారులో ఏదో అనేసిందనవచ్చు. ఆ మూడోది నాలుక చివరి దాకా వచ్చింది. గాజు తలుపు అవతల ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నేనే వేసినా మేడం. మంచం నంబరు చూసినా. ముఖం చూడలే."

నా జీవితంలో అంత పొట్టి మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

"మీ డాక్టరుకు చెప్పినావా?"

"లేదు."

"షీట్లో రాసినావా?"

"లేదు. ఆరో నంబరుకు ఇచ్చినట్టే ఉంది."

మేట్రన్ నా సర్టిఫికెట్‌ను బల్ల మీద బోర్లా తిప్పింది. తర్వాత అడిగిన ప్రశ్న ఆ పిల్లకు కూడా తట్టలేదు, నాకు పది రోజులుగా తట్టలేదు.

"మరి ఆ ఇన్సులిన్ యెవరికి పడాలో ఆమెకు వేసినావా?"

భయమంతా ముల్లవ్వ మీద పెట్టి షుగరవ్వ అనే మనిషి ఒకామె ఉందనే మరిచిపోయాను. ఆమెకు ఆ పూట సూది పడలేదు. మాపటికి షుగరు పెరిగింది. షీట్లో ఇచ్చినట్టు ఉంది. అందుకే మరునాడు డోసు పెంచారు. ఆ పెంచిన డోసు నేనే రాసుకున్నాను. అదే చీటీతో ఆమె ఇంటికి పోయింది.

"మేడం... ఆమె ఇంటికాడ... ఎక్కువ డోసు వేసుకుంటాండాది."

"ఫోన్ తియ్," అంది మేట్రన్. "ఇంటర్వ్యూ సంగతి తర్వాత."

వరండాలోకొచ్చి పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. ఓపీ టైము. మొదలు నుంచి చివరి దాకా చెప్పాను. ఫోన్లోంచి ఉలి చప్పుడు మాత్రం వినిపిస్తోంది. టక్, టక్, టక్. ఆయన తిడితే బాగుండుననిపించింది.

"ఆమె యే వూరు?" అన్నారు చివరికి.

"రుద్రవరం దగ్గర సార్. షీటు మీద కొడుకు నంబరుంది."

"పెట్టెయ్."

ఇరవై నిమిషాలు ఆ బల్ల మీద కూచున్నాం ముగ్గురం. ఆయా అంతా విన్నది. నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"ఆ అవ్వకు ఏమన్నా అయ్యుంటే అన్నా, నా కూతురికి సీటొచ్చినా నాకొద్దు."

"నాకూ వద్దమ్మా," అంది పిల్ల.

నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని దాని వైపే చూస్తున్నాను. ఎవరో పిల్ల లోపల 'మానవ సేవయే' అంటూ మొదలుపెట్టింది. ఆ రెండు పేజీలు నా ఒక్కడి సొత్తే అనుకున్నాను, పాపం.

ఫోన్ మోగింది.

"కొడుకు యెత్తినాడు," అన్నారు పెద్ద డాక్టరు. "మూన్నాల్రోజుల నుంచి పొద్దెక్కేతలికి చెమటలు, వణుకంట. ఎండదెబ్బని మజ్జిగ తాపుతాండారంట. బెల్లం నీళ్ళు తాపమన్నా, ఇప్పుడు తేరుకునింది. డోసు తగ్గించినా. మాపటికి ఈడికి తెమ్మని చెప్పినా. నిన్నటి మాదిరి రేపు గూడా వేసింటే ఏమయ్యేదో నీకు నేను చెప్పాల్నా అప్పా?"

"లేదు సార్."

"ఆ మేడమ్‌కు ఫోనియ్యి."

మేట్రన్ మాటలు మాత్రమే నాకు వినపడ్డాయి. "అవును డాక్టర్ గారూ... సంతకం మీదే కద? చదివి పెట్టింటే బాగుండేది... సరే, అది మీరూ ఆయనా చూసుకోండి."

నాలుగు గంటలకు జాబితా అంటించారు. ఆయాకు చదవడం రాదు. పిల్ల చూడనంది. మోకాళ్ళు సహకరించకపోయినా నేనే వెళ్ళి చూశాను. పై నుంచి వెతికాను, లేదు. సగం దాకా లేదు. చిట్టచివరి పేరు ఆమెది. ఆ చివరి గీత మీద వేలు పెట్టి, పేరు చెరిగిపోతుందేమోనన్నట్టు అక్కడే నిలబడ్డాను.

బయటికొస్తున్న మేట్రన్ ఆగి నా సర్టిఫికెట్ నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో నాయనా. మా ఫైలుకు బరువెక్కువ. ఆ వార్డులో యే మంచం మీద యే అవ్వ ఉండాదో తెల్సిన మనిషి ఈ పిల్లొక్కతే. అందుకు తీసుకున్నాం."

పెద్ద డాక్టరు నన్ను తీసెయ్యలేదు. మూడు నెలలు సూది ముట్టనివ్వలేదు. ఆ మూడు నెలలూ తలుపు దగ్గర కూచుని, వచ్చిన ప్రతి పేషెంటు మణికట్టుకూ ప్లాస్టర్ ముక్క అంటించి పేరు రాయడమే నా ఉద్యోగం. సంతకాలు మాత్రం ఆయన టీ పక్కన పెట్టి చదివి చేయడం నేర్చుకున్నారు. ఏడో నంబరు ఫ్యానుకు మెకానిక్‌ను పిలిపిస్తే పావుగంటలో బాగుచేసి పోయాడు. నాలుగు వేసవులుగా వార్డంతా మంచాలు మారింది ఆ పావుగంట కోసం.

నా చేతనే ఇద్దరు అవ్వలకూ చెప్పించారు. మాపటికి వచ్చిన షుగరవ్వ అంతా విని, "నా సూది దానికి వేసినావా? అది యెప్పుడూ నా ఫ్యాను కొట్టేసేది, సూది గూడా కొట్టేసిందా?" అంది. ముల్లవ్వకు ఫోన్లో చెబితే, "అదా సంగతి. ఆపొద్దు నాకు అంత ఆకలి యాలయిందో ఇప్పుడు తెల్సింది," అని, దీవెన మాత్రం వెనక్కి తీసుకుంది. న్యాయమే.

ఆ పిల్ల మూడేళ్ళ కోర్సు ముగించి నంద్యాలలోనే ఉద్యోగంలో చేరింది. ఆయా ఇప్పుడు బెడ్‌ప్యాన్లు మోయడం లేదు. పోయిన ఏడాది నా మోకాళ్ళు పూర్తిగా మొండికేసినప్పుడు ఆ ఆస్పత్రిలోనే చేరాను. ట్రే పట్టుకుని నా మంచం దగ్గరికి ఆ పిల్లే వచ్చింది.

"పేరు చెప్పు," అంది.

"ఏందే? మీ మామ పేరు మరిచినావా?"

"పేరు చెప్పు మామా."

"నాలుగో నంబరు," అన్నాను కొంటెగా.

"మంచం పేరు అడగలే."

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని మణికట్టు పట్టీ తన వైపు తిప్పుకుని, నేను చెప్పేదాకా అట్లాగే నిలబడింది. చెప్పాను. ఇంటిపేరుతో సహా, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా. పట్టీ మీద చూసి, షీటులో చూసి, నా ముఖం చూసి, అప్పుడు వేసింది.

అసలు నొప్పే తెలియలేదని చెబుదామనుకున్నాను. తెలిసింది. కొంచెమే.